వైశాఖం పెళ్లికి తండ్రీకూతుళ్ల ముస్తాబు: అనుభవం మీద చెబుతున్నాను

వసంతకాలం పెళ్లికి లేత రంగులు వేసుకోండి, పల్చటి బట్టలు కట్టుకోండి, పిల్లలకు మెత్తటివి తొడగండి అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు. ఆ రాసేవాళ్లు ఎన్నడైనా పెళ్లికి వెళ్లారా అని నా అనుమానం. పెళ్లిలో నన్ను చూసి "ఎంత హాయిగా ఉన్నారండీ" అన్నవాళ్లు ఇంతవరకూ లేరు. "ఎంత పడిందండీ?" అనే అడుగుతారు. ఆ ప్రశ్నకు తలెత్తుకుని జవాబు చెప్పుకోగలిగేవే పెళ్లిబట్టలు.

పైగా మన వసంతం సంగతి వేరు. చైత్ర వైశాఖాలు వసంత ఋతువని పంచాంగంలో ఉంటుంది. రెంటచింతలలోనో రామగుండంలోనో ఉండేవాళ్లను అడిగితే ఆ కాలానికి ఇంకో పేరు చెబుతారు. మామిడిపళ్లు, మల్లెపూలు, ముహూర్తాలు, వడగాడ్పులు అన్నీ ఒక్కసారే దిగుతాయి. అలాంటి కాలంలో పోయినేడు మా మరదలి పెళ్లి వచ్చింది. అమలాపురం దగ్గర మా అత్తగారి ఊళ్లో, ఇంటిముందు కొబ్బరాకుల పందిట్లో. పసుపు దంచే వేళకి ఉండాలని మా ఆవిడ పది రోజుల ముందే పుట్టింటికి వెళ్లిపోయింది. పాపకు ఎల్‌కేజీ పరీక్షలని నా దగ్గర వదిలింది. ఎల్‌కేజీకి పరీక్షలేమిటని నన్నడక్కండి, బళ్లో అడగండి.

ఆ పది రోజుల్లో నాకూ నాలుగేళ్ల కూతురికీ పెళ్లిబట్టలు నేనొక్కడినే సమకూర్చాను. ఆ విద్య నాతోనే పోకూడదని ఇది రాస్తున్నాను.

సంచీ తెరవకండి

ఇల్లాలు వెళ్తూ వెళ్తూ గుమ్మం పక్కన ఒక సంచీ సర్దిపెడుతుంది. "ఇందులో ఉన్నవి తెస్తే చాలు, ఇంకేం కొనద్దు" అని మూడుసార్లు చెబుతుంది. ఆ సంచీ జోలికి పోకండి. పోతే పని అక్కడితో అయిపోతుంది. అయిపోతే ఇక మీకు మిగిలే పేరేమిటి?

నేను ఒకసారి తొంగిచూశాను. పాపకు రెండు నూలు గౌన్లు, ఒక మంగళగిరి లంగా, జాకెట్టు. మంగళగిరి గుడ్డ మీద పువ్వూ ఉండదు, లతా ఉండదు. అంచున సన్నటి జరీ గోపురాల వరస ఒక్కటే, దాన్నే నైజాం అంచంటారు. చేత్తో పట్టుకుంటే బరువే తెలీలేదు. బరువు తెలియని బట్ట పెళ్లికేమిటండీ? నా కోసం పొందూరు ఖద్దరు పంచె, లాల్చీ పెట్టింది. పొందూరులో దూదిని వాలుగ చేప దవడతో దువ్వి, ఆ తర్వాత వడుకుతారట. గాంధీగారంతటి మనిషి మెచ్చుకున్న నేత. మెచ్చుకోవచ్చు, ఆయన వెళ్లింది సభలకు. తోడల్లుడు షేర్వాణీ వేసుకొచ్చే పెళ్లికి నేను చేప దువ్విన పంచె కట్టుకుని వెళ్లాలా?

సంచీ మూతి మళ్లీ ముడేసి, చెప్పుల స్టాండు పక్కన పెట్టాను. ఆ చోటు బాగా గుర్తుంచుకోండి, ఎందుకంటే నేను గుర్తుంచుకోలేదు.

బజారుకు పిల్ల నిద్రవేళకి బయల్దేరండి

మధ్యాహ్నం రెండింటికి బయల్దేరితే కొట్లో జనం ఉండరు. పిల్లకి నిద్ర వేళ కాబట్టి భుజం మీద వాలిపోయి ఉంటుంది, ఇది కావాలి అది వద్దు అని పేచీ పెట్టదు. సికింద్రాబాద్ జనరల్ బజారులో నేను ఈ సూత్రమే పాటించాను. అరగంట బాగానే గడిచింది. ఆ తర్వాత పాప లేచింది. తెల్ల పరుపు మీద పరిచిన పట్టు లంగాల మధ్య నిలబడి, సేల్స్ కుర్రాడు ఇచ్చిన నారింజ రంగు కూల్‌డ్రింక్ చేతిలో పట్టుకుని, ఏడ్చింది. కూల్‌డ్రింక్ ఎక్కడ పడిందో చెప్పను. అందులో రెండు లంగాలకు మాత్రమే డబ్బు కట్టించుకున్నారు, మర్యాదస్తులు.

పట్టు అసలుదో కాదో తేల్చుకోవడానికి తేలిక దారులున్నాయి. సెంట్రల్ సిల్క్ బోర్డు వాళ్లు 2004లో సిల్క్ మార్క్ అని ఒక ముద్ర పెట్టారు. నిఖార్సయిన పట్టయితే ఆ చీటీ వేలాడుతుంది, చూసి కొనుక్కోవచ్చు. చీటీ లేకపోతే అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చి చూస్తారు. పట్టయితే వెంట్రుక కాలిన కంపు వస్తుంది, బూడిద వేళ్ల మధ్య పొడైపోతుంది. పాలిస్టరైతే కరిగి, చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది. ఇవన్నీ ముసలమ్మల పద్ధతులు. మనకు అంత ఓపిక ఎక్కడిది? ధర చూడండి. ఎక్కువుంటే పట్టు. నేను ఆ లెక్కన కొన్న చిన్న కండువా ఇస్త్రీపెట్టె కింద ముడుచుకుని అప్పడమైంది, అది ఇస్త్రీపెట్టె లోపం.

మరక లేని ఇంకో పట్టులంగా ధర విన్నాక ఇంటికొచ్చేశాను. అప్పుడే నాకు బీరువా గుర్తొచ్చింది.

ఇంట్లో ఉన్నదే వాడండి

పాత పట్టుచీర చింపి ఆడపిల్లకు లంగా కుట్టించడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే. చీర పొడవు ఐదున్నర మీటర్లు. నాలుగేళ్ల పిల్ల లంగాకు రెండున్నర మీటర్లు బోలెడు. జాకెట్టుకు ముప్పావు మీటరు. మిగిలిన రెండు మీటర్ల చిల్లరతో నాకు లాల్చీ వస్తుంది. తండ్రీ కూతురూ ఒకే గుడ్డలో! ఇప్పుడు దీన్ని ట్విన్నింగ్ అంటున్నారు, ఫొటోగ్రాఫర్లు దానికి వేరే రేటు కూడా పెట్టారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, అంత సంతోషం.

చీర ఎంచుకునేటప్పుడు ఒక్కటే చూడాలి. ఎక్కువగా కట్టనిది ఎంచుకోండి. తరచూ కట్టే చీర తీస్తే ఇంటావిడకు వెంటనే తెలిసిపోతుంది. ఏళ్ల తరబడి కట్టకుండా మడతపెట్టి దాచిందంటే ఆ చీర ఆవిడకు ఇష్టం లేనట్టే కదా. మధ్య అరలో, తెల్ల పంచెలో చుట్టి, కలరా ఉండలు కూడా వెయ్యకుండా ఒకటి పెట్టి ఉంది. కలరా ఉండలు తగిలితే జరీ నల్లబడుతుందని వెయ్యరు, నేను మాత్రం అశ్రద్ధ అనుకున్నాను.

నెమలికంఠం రంగు ఒళ్లు, మావిడిపండు రంగు అంచు. గద్వాల చీర. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. అంచు మీద కోట బురుజుల్లాగా వరసగా పైకి లేచిన కొసలు, దాన్నే కోటకొమ్మ అంటారు. ఒంటికి వేరే పోగు, అంచుకు వేరే పోగు. రెండూ కలిసే చోట నేతగాడు ఒక్కొక్క పోగునూ చేత్తో ఇంకోదానికి మెలేసి కలుపుతాడు. వేలితో తడిమితే ఆ కలిసిన చోటు సన్నటి గీతలా తగులుతుంది. చూస్తే కనిపించదు. చీరంతా మడిస్తే అరచేతిలో పట్టింది.

చాలా బాగుంది అనుకున్నాను. లాల్చీకి సరిగ్గా సరిపోతుంది.

టైలరు మాట వినకండి

మా వీధి చివరి టైలరు అరవై దాటిన మనిషి. చీర విప్పి బల్ల మీద పరిచాడు. కొంగు మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉన్నాడు.

"ఇది గద్వాల సార్. మేడమ్‌కు ఎరికేనా?"

"తెలుసు" అన్నాను. తెలియడానికి ఇంకా వారం ఉంది కానీ, తెలిసే విషయమే కదా.

"మంచిగున్న చీర సార్. కత్తెర పెట్టబుద్ధయితలేదు."

ఇలాంటి మాటలకు లొంగకూడదు. పని ఎగ్గొట్టడానికి చెప్పే సాకులివి. అంచు కత్తిరించి లాల్చీకి ముందువైపు పై నుంచి కింద దాకా వెయ్యమన్నాను. "అంచు, చీర కలిసిన కాడ కోస్తే పోగులు ఊడొస్తయి సార్" అన్నాడు. జిగురేమన్నా రాయమన్నాను. చేతుల అంచులకు కోటకొమ్మ. వీపు మీద కొంగు. మొగవాడి లాల్చీకి వీపు మీద కొంగా అన్నట్టు చూశాడు. ఆయనకు ఫ్యాషన్ తెలీదు.

లైనింగుకు నూలు రూబియా తెచ్చాను. దాన్ని రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఆరేసి, అప్పుడు కోస్తానన్నాడు. ముందు తడపకపోతే ఉతికినప్పుడు లోపలి గుడ్డ గుంజుకుని పైగుడ్డ ముడతలు పడుతుందట. "పొద్దు వృథా, అలాగే కుట్టెయ్" అన్నాను. కొలతలకు పాపను తీసుకు రమ్మన్నాడు. పిల్లలను తీసుకెళ్లకూడదని బజారులోనే నేర్చుకున్నాను కాబట్టి చేత్తో చూపించాను, ఇదిగో ఇంత ఎత్తు, ఇంత లావు అని. లంగా లోపల నాలుగు టక్కులు వేస్తాను, బిడ్డ పెరిగినకొద్దీ ఒక్కొక్కటి విప్పుకోవచ్చు అన్నాడు. అదొక్కటీ నాకు నచ్చింది. నాలుగు కాదు, ఎనిమిది వెయ్యమన్నాను. పెళ్లీడు దాకా పనికొస్తుంది. కింద గుండ్రంగా నిలబడ్డానికి కాన్‌కాన్ నెట్టు మూడు వరసలు. జాకెట్టు బిగువుగా ఉండాలని వెనక పద్నాలుగు హుక్కులు.

అదే సాయంత్రం మా ఆవిడ ఫోను చేసింది.

"ఏవండీ, ముహూర్తానికి నా గద్వాల చీర కట్టుకుంటాను. బీరువాలో మధ్య అరలో తెల్ల పంచెలో చుట్టి ఉంటుంది. మర్చిపోకుండా తెండి. అమ్మమ్మ నా సీమంతానికి పెట్టింది. అది కట్టుకుంటే ఆవిడ కూడా పెళ్లికొచ్చినట్టుంటుంది."

ఇలాంటి సమయంలో భర్తలు కంగారుపడి అబద్ధాలాడతారు. నేను ఆడలేదు. "తెస్తున్నాను" అన్నాను. తెచ్చాను కూడా. ఐదున్నర మీటర్లలో ఒక్క అంగుళం హైదరాబాదులో వదల్లేదు.

శుభలేఖ ఒక్కసారే చదవండి

టైలరు పెళ్లెప్పుడన్నాడు. శుభలేఖ తీసి చూశాను. "తెల్లవారితే శుక్రవారం" అని ఉంది. శుక్రవారం అన్నాను. అయితే గురువారం పొద్దున తీసుకుపొమ్మన్నాడు. శుభలేఖ అంతవరకు చదివితే చాలని నా ఉద్దేశం. తర్వాత వచ్చే "అనగా గురువారం రాత్రి గం. 1.52 ని.లకు" అనే ముక్క పురోహితులకోసం వేసేది.

బుధవారం మధ్యాహ్నం మా ఆవిడ మళ్లీ ఫోను చేసి, ఏ బస్సుకు బయల్దేరుతున్నారని అడిగినప్పుడు కానీ ఆ ముక్క మనకోసం కూడానని తెలీలేదు. సాయంత్రం ఆరింటికి టైలరు దగ్గర నిలబడ్డాను. లంగాకు కుట్టు పని ఇంకా ఉంది, పొడుగు పొడుగు తెల్లదారం కుట్లతో నిలబెట్టి ఉంచాడు. "రాత్రి కూసుంట, పొద్దుగాల ఇస్త" అన్నాడు. అలాగే పట్టుకుని పరుగెత్తాను. తెల్లదారం నెమలికంఠం మీద బాగానే కనిపిస్తుంది, ముత్యాల పనిలాగా. కూకట్‌పల్లిలో బస్సెక్కి సర్దుకున్నాక, సూర్యాపేట దాటాక, చెప్పుల స్టాండు గుర్తొచ్చింది.

మిగతా సామాను గురించి ఎక్కువ చెప్పను. వన్ గ్రామ్ గోల్డ్ వడ్డాణం కొనండి, అది కూర్చున్నప్పుడు పొట్టలో గుచ్చుకుంటుంది కాబట్టి పిల్ల నిటారుగా నిలబడుతుంది. జోళ్లు కొత్తవే తొడగండి, కరుస్తాయి, కానీ పందిట్లో ఎలాగూ విప్పుతారు. అత్తరు చీరకే రాయండి, మచ్చ పడినా వాసన వస్తుంది. పూలజడ మాత్రం తప్పనిసరి. మా పాపకు మాఘమాసంలో తిరుమలలో గుండు చేయించాం, ముహూర్తం నాటికి జుట్టు అంగుళం కూడా లేదు. అయినా నేను వెనక్కి తగ్గలేదు. జడను రిబ్బనుకు కుట్టించి, రిబ్బను గడ్డం కింద ముడేశాను. కొత్తిమీర కట్టలాగా ఉందని మా బావమరిది అన్నాడు. వాడికి ఇంకా పెళ్లి కాలేదు, వాడి మాటకేం.

ముందే తొడిగి ఉంచండి

ముహూర్తం రాత్రి 1.52కి అయితే పిల్లను ఏడింటికే తయారుచెయ్యాలి. ఆఖరి నిమిషంలో హడావుడి ఉండదు.

ఉక్క. కోనసీమలో వైశాఖం రాత్రి గాలి ఆడదు, ఆడినా పందిరి దాకా రాదు. పద్నాలుగు హుక్కులూ పెట్టి, వదులైన చోట నాలుగు పిన్నీసులు గుచ్చి, ఎనిమిది టక్కుల లంగా నడుముకు బిగించి, వడ్డాణం పెట్టి, జడ ముడేసి పాపను వాకిట్లోకి తెచ్చాను. నెట్టు వల్ల లంగా గుండ్రంగా, బుట్టబోర్లించినట్టు నిలబడింది. పాప రెండు చేతులూ దాని మీద ఆనించి నిలుచుంది, కిందకు దించితే గుచ్చుకుంటోందని. కూర్చోలేదు. కూర్చుంటే లంగా మొహం దాకా లేస్తోంది. వచ్చినవాళ్లందరూ ఆగి చూశారు. ఇంతకంటే ఏం కావాలి?

ఎనిమిదింటికి చెవిలో "నాన్నా, ఒకటికి వస్తోంది" అంది.

ఈ సందర్భానికి సలహా అడుగుతారని తెలుసు. మొదట వడ్డాణం విప్పాలి. అది వెనక కొక్కెం. దాని కింద లంగా బొందు. బొందు కంగారులో లాగితే ముడిపడుతుంది, నాది పడింది. పైకి ఎత్తుదామంటే నెట్టు మూడు వరసలు, ఎనిమిది టక్కులు, మధ్యలో తెల్లదారం కుట్లు వేలికి చుట్టుకుంటాయి. నా లాల్చీ చేతుల అంచుల జరీ పాప జాకెట్టు హుక్కుకు పట్టుకుంది. ఇద్దరం ఒకే గుడ్డ కాబట్టి ఎక్కడ నేను అయిపోయి ఎక్కడ పాప మొదలైందో ఆ చీకట్లో తేలలేదు. బావి గట్టు దగ్గర అలా ఒకరికొకరం తగులుకుని ఉన్నాం.

పట్టుకు తడి తగిలితే మచ్చ పడుతుంది. ఏ తడి అయినా అదే నియమం.

పాప గట్టిగా ఏడవలేదు. చిన్నగా, ఊపిరి బిగబట్టి ఏడ్చింది, ఏదో తప్పు చేసినట్టు. మెడ చుట్టూ జరీ ఒరుసుకుని ఎర్రగా దద్దురు లేచి ఉంది. అది నేను అప్పుడే చూశాను.

మా అత్తగారు హరికేన్ లాంతరులా సెల్‌ఫోను పట్టుకుని వచ్చింది. మమ్మల్నిద్దర్నీ ఎగాదిగా చూసింది. ఏమీ అనలేదు. "లెండి అల్లుడుగారూ, మీరు పందిట్లోకి వెళ్లండి. నువ్వు రామ్మా బంగారం" అంది. హుక్కులు నేను విప్పినట్టు ఒక్కోటి విప్పలేదు, రెండువైపులా పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. తెల్లదారం ఎలాగూ సిద్ధంగానే ఉంది. లంగా కింద పడ్డా పడిపోలేదు, నెట్టు వల్ల అలాగే నిలబడింది. పాప అందులోంచి పైకి వచ్చింది, గంపలోంచి కోడిపిల్ల వచ్చినట్టు. బావి నీళ్లు రెండు చెంబులు పోసి ఒళ్లు తుడిచింది.

కట్టడానికి బట్టల్లేవు. సంచీ హైదరాబాదులో చెప్పుల స్టాండుకు కాపలా కాస్తోంది. మా మావయ్యగారి కండువా దండెం మీద ఆరేసి ఉంది, తెల్లటిది, ఎర్రంచు, ఎన్నిసార్లు ఉతికారో గుడ్డ వెన్నలా అయింది. దాన్ని నడుముకు ఒక చుట్టు చుట్టి, ముందు నాలుగు కుచ్చిళ్లు పెట్టి దోపి, మిగిలిన కొస భుజం మీదుగా తిప్పి మెడ వెనక ముడేసింది మా అత్తగారు. రెండు నిమిషాలు పట్టలేదు. పిన్నీసు లేదు, హుక్కు లేదు. మల్లెపూలు రెండు ముక్కలు తెంపి చెవుల వెనక పెట్టింది.

పాప ఒకసారి గిర్రున తిరిగింది. తిరిగి, కింద కూర్చుంది. కూర్చోగలుగుతున్నానని చూసుకుని మళ్లీ లేచింది. పందిట్లోకి పరుగెత్తింది.

ఇల్లాలికి చీర ఎలా అప్పగించాలి

సాధ్యమైనంత ఆలస్యంగా. పగలంతా అడిగితే "సంచీలో ఉంది" అన్నాను, ఏ సంచీ అని ఆవిడ అడగలేదు. పెళ్లికూతురి అక్కకు తీరిక ఎక్కడిది? రాత్రి పదకొండింటికి, పెళ్లికూతుర్ని గౌరీపూజకు కూర్చోబెట్టాక, చీర మార్చుకుందామని వచ్చింది. నేను బంతిలో రెండో వరసలో కూర్చుని పనసపొట్టు కూర కలుపుకుంటున్నాను. లేచి నిలబడ్డాను. అంతకంటే చెప్పేదేముంది, చీర ఎదురుగానే ఉంది.

మొదట నా మొహం చూసింది. తర్వాత లాల్చీ ముందుభాగం. ఎడమచెయ్యి పట్టుకుని మణికట్టు దగ్గర అంచు తడిమింది. నెమ్మదిగా నన్ను వెనక్కి తిప్పింది. వీపు మీద కొంగు చాలాసేపు చూసి ఉంటుంది, నాకు కనిపించలేదు. బంతిలో వడ్డించే కుర్రాడు బూరెల పళ్లెంతో ఆగిపోయాడు.

"కోటకొమ్మ తలకిందులు కుట్టారు" అంది. అంతే అంది.

మా ఆవిడ వాళ్లమ్మగారి ఉప్పాడ చీర ఒకటి కట్టుకుని ముహూర్తానికి వచ్చి నిలబడింది. జీలకర్ర బెల్లం వేళ నేను రెండో స్తంభం చాటున ఉన్నాను. అప్పటికే భుజం దగ్గర అంచు పోగులు ఊడి జరీ తీగలు మీసాల్లా లేచాయి. టైలరు చెప్పాడని గుర్తుచెయ్యకండి, మీకు టైలరు మాట వినద్దని ముందే చెప్పాను.

తలంబ్రాలకు వధూవరులకు మధుపర్కాలు కట్టించారు. తెల్ల నూలు బట్టలు, అంచు రంగుది. పాప వెళ్లి వాళ్లిద్దరి మధ్యలో నిలబడింది. తెల్ల కండువా, ఎర్రంచు. "నేనూ పెళ్లికూతుర్నే" అని దోసిట్లో తలంబ్రాలు తీసుకుని పిన్ని మీద, కొత్త బాబాయి మీద, పురోహితుడి మీద సమానంగా పోసింది. పసుపు మరకలు పడ్డాయి. ఉతికితే పోయాయి. ఫొటోగ్రాఫర్ వాళ్లను వదిలేసి పాపనే తీశాడు. ఆల్బంలో పద్దెనిమిది ఫొటోల్లో ఆ కండువా ఉంది. "ఎవరి ఐడియా అండీ, పెళ్లికొడుకు బట్టకి మ్యాచింగు పెట్టారు?" అని మా తోడల్లుడు అడిగితే నాదే అన్నాను. షేర్వాణీ లోపల ఆయన చొక్కా పిండితే చెంబుడు నీళ్లు వచ్చేలా ఉన్నాడు. లాల్చీ ఉన్న ఫొటో ఒక్కటే, అది కూడా వెనకనుంచి.

ముహూర్తం అయ్యేసరికి పాప మావయ్యగారి ఒళ్లో నిద్రపోయింది. కండువా విప్పి ఆయన దాన్నే దుప్పటిగా కప్పాడు.

లంగా, లాల్చీ రెండూ ఇంటికొచ్చాక ఒక్కసారి ఉతికించాను. లైనింగు గుంజుకుని లంగా జేబురుమాలులో కట్టిన పొట్లంలా తయారైంది. మా ఆవిడ ఏమీ అనకుండా వాటిని మళ్లీ అదే తెల్ల పంచెలో చుట్టి మధ్య అరలో పెట్టింది. ఆ అర తాళం ఇప్పుడు ఆవిడ దగ్గరే ఉంటుంది.

చివరిగా చదువరులకు ఒక మనవి. నెమలికంఠం రంగు ఒళ్లు, మావిడిపండు రంగు అంచు, కోటకొమ్మ, నూలు గద్వాల చీర, కొంగు పట్టు, ఐదున్నర మీటర్లూ ఒకే ముక్కగా ఉన్నది ఎవరి ఇంట్లోనైనా ఉంటే, మీ అమ్మమ్మదైనా నాయనమ్మదైనా, అమ్మే ఉద్దేశం ఉంటే దయచేసి తెలియజెయ్యండి. మా ఆవిడకు తెలియనివ్వద్దు. ఎంత చెబితే అంత ఇస్తాను, బేరం ఆడను.